డిస్క్ రాలేదా, ఆలస్యంగా వస్తోందా? బూట్‌లో ఆగిపోయే లినక్స్ కంప్యూటర్‌ను సరిచేసే పద్ధతి

కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ దానంతట అదే ఆన్ అయింది. కాసేపటికి వెళ్లి చూస్తే నల్లటి స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు: ‘గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ రూట్ ఫైల్ సిస్టమ్ డివైస్’. దాని కింద ఇంకో నాలుగు వరుసలు, ‘డ్రాపింగ్ టు ఎ షెల్’ అనే మాట, అన్నిటికంటే అడుగున బ్రాకెట్లలో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అని రాసి పక్కన మిణుకుమంటున్న కర్సర్. అది మా ఇంట్లో పాత డెస్క్‌టాప్. ఉబుంటు అనే లినక్స్ మొత్తం యూఎస్‌బీ బాక్సులో పెట్టిన 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ మీద ఉంది. పదేళ్ల ఫొటోలూ, ఇంటి కాగితాల స్కాన్లూ అందులోనే. డిస్క్ పోయిందనుకుని చేతులు చల్లబడ్డాయి.

ఏం చేయాలో తోచక ‘ఎగ్జిట్’ అని కొట్టి ఎంటర్ నొక్కాను. కంప్యూటర్ ఏమీ జరగనట్టు బూట్ అయింది.

అసలు సంగతంతా అందులోనే ఉంది. డిస్క్ ఎక్కడికీ పోలేదు, ఆలస్యంగా వచ్చింది, అంతే. సిస్టమ్ 30 సెకన్లు ఎదురుచూసి ఇక రాదనుకుంది. నేను వచ్చి ఎగ్జిట్ కొట్టేసరికి డిస్క్ సిద్ధంగా ఉంది. ఆలస్యంగా రావడం, అసలు రాకపోవడం స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తాయి. కానీ మొదటిదానికి చేసే వైద్యం రెండోదానికి పనికిరాదు. మొదటిదానికైనా ఆలస్యం ఎందుకో తెలుసుకోకుండా ఎదురుచూసే సమయం ఒక్కటే పెంచితే, లోపల ముదురుతున్న జబ్బు కనబడకుండా పోతుంది. నాకు అదే జరిగింది, ఆ సంగతి కింద చెబుతాను.

ఒక చిన్న గమనిక. కమాండ్లను ఇక్కడ పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. కీబోర్డు మీద వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. గీతలు, చుక్కలు, సమాన గుర్తులు ఇక్కడ ఎక్కడుంటే అక్కడ అలాగే పెట్టాలి.

మొదటి అడుగు: ఏ దశలో ఆగిందో చూడండి

కంప్యూటర్ ఆన్ అయ్యాక డిస్క్ కోసం మూడు చోట్ల వెతుకులాట జరుగుతుంది. మొదట మదర్‌బోర్డు మీది బయోస్ వెతుకుతుంది. తర్వాత లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), దానితో పాటు మెమరీలోకి ఎక్కే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక సిస్టమ్ కలిసి అసలు సిస్టమ్ ఉన్న డిస్క్‌ను, అంటే రూట్‌ను వెతుకుతాయి. చివర్లో సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ మొదలుపెట్టే ప్రోగ్రామ్) మిగతా డిస్కులన్నిటినీ జాబితా చూసి ఒక్కొక్కటే తగిలిస్తుంది.

లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రామ్ మెనూ కూడా రాకుండా ‘నో బూటబుల్ డివైస్’ లాంటి మాట కనిపిస్తే బయోస్ దగ్గరే ఆగిందని అర్థం. అక్కడ లినక్స్ సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం లేదు, లినక్స్ ఇంకా మొదలే కాలేదు కదా. బయోస్‌లో ‘ఫాస్ట్ బూట్’ ఆపేయండి. కొన్ని మదర్‌బోర్డుల్లో హార్డ్ డిస్క్ కోసం కొన్ని సెకన్లు ఆగమని చెప్పే సెట్టింగ్ కూడా ఉంటుంది, ఉంటే వాడుకోండి. ఆ సెట్టింగ్ లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. గ్రబ్‌నూ బూట్ ఫోల్డర్‌నూ త్వరగా మేలుకునే చిన్న ఎస్‌ఎస్‌డీ మీద పెట్టి, నెమ్మది డిస్క్‌ను రూట్‌కు మాత్రమే ఉంచుకోవచ్చు.

గ్రబ్ దాటాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రాంప్ట్ దగ్గర ఆగితే అది రెండో దశ. ‘ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్’ అంటూ పక్కన 1 నిమిషం 30 సెకన్ల లెక్క నడుస్తుంటే మూడో దశ. ఎక్కువమంది ఇరుక్కునేది రెండో దశలో. అందుకే ముందు దాని సంగతే చూద్దాం.

రెండో అడుగు: ప్రాంప్ట్ దగ్గర కంగారు పడకుండా

రీస్టార్ట్ బటన్ మీద నుంచి చెయ్యి తీసేయండి. ఆ ప్రాంప్ట్ దగ్గర దొరికే ఆధారాలు రీస్టార్ట్ చేస్తే పోతాయి.

‘క్యాట్ /ప్రాక్/కమాండ్‌లైన్’ కొట్టండి (చివరి మాటను సి, ఎం, డి అక్షరాల వెంట లైన్ అని రాయాలి). కెర్నల్‌కు ఏ డిస్క్‌ను వెతకమని చెప్పారో ఇందులో ‘రూట్=’ తర్వాత కనిపిస్తుంది. మామూలుగా అక్కడ యూయూఐడీ అనే గుర్తింపు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి వరుస, ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీయండి.

తర్వాత ‘బీఎల్‌కేఐడీ’ కొట్టండి. సిస్టమ్‌కు ఇప్పుడు కనిపిస్తున్న విభజనలన్నీ వాటి యూయూఐడీలతో సహా వస్తాయి. మీరు రాసుకున్నది ఆ జాబితాలో ఉంటే డిస్క్ వచ్చేసింది. ఎగ్జిట్ కొడితే బూట్ అవుతుంది. మీ సమస్య ఆలస్యమే అని తేలిపోయినట్టు.

జాబితాలో లేకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ బీఎల్‌కేఐడీ కొట్టండి. డిస్క్ బాక్సు దగ్గరికి చెవి పెట్టి వినండి. ప్లేట్లు సాఫీగా తిరుగుతుంటే సన్నటి ఏకధార మోత వస్తుంది. తిరగబోయి ఆగి, మళ్లీ తిరగబోయి ఆగుతుంటే కరెంటు చాలడం లేదని అనుమానించాలి. టిక్కు టిక్కుమని కొడుతుంటే వెంటనే ఆఫ్ చేయండి. ఆ చప్పుడు చేసే డిస్క్‌ను పదే పదే ఆన్ చేసి పరీక్షించడం డేటాకు ప్రమాదం. అక్కడి నుంచి అది డేటా వెలికితీసేవాళ్ల పని, ఈ వ్యాసంలో చెప్పేవేవీ చేయకండి.

ఎంతసేపు ఆగినా రాకపోతే, మోత మాత్రం మామూలుగానే ఉంటే, అది ఆలస్యం కాకపోవచ్చు. డిస్క్‌ను ఫార్మాట్ చేసి ఉంటే యూయూఐడీ మారిపోయి ఉంటుంది. డిస్క్‌ను వేరే కంట్రోలర్‌కు, లేదా సాటా నుంచి యూఎస్‌బీ బాక్సులోకి మార్చి ఉంటే, దానికి కావలసిన డ్రైవర్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో లేకపోవచ్చు. ఈ రెండో చిక్కుకు లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, సీహెచ్‌రూట్ అనే కమాండ్‌తో అసలు సిస్టమ్‌లోకి వెళ్లి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ సెట్టింగుల్లో ‘మాడ్యూల్స్=డెప్’ అని ఉంటే ‘మోస్ట్’గా మార్చి, ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ’ నడపాలి.

మూడో అడుగు: చల్లటి బూట్, వేడి బూట్

దీనికి ఏ కమాండూ అక్కర్లేదు. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, డిస్క్ అడాప్టర్ కూడా తీసేసి, ఐదు నిమిషాలు ఆగి ఆన్ చేయండి. ఇది చల్లటి బూట్. అది ఆగిపోతే ఎగ్జిట్ కొట్టి లోపలికి వెళ్లి, అక్కడి నుంచి రీస్టార్ట్ ఇవ్వండి. ఇది వేడి బూట్, డిస్క్ అప్పటికే తిరుగుతూ ఉంటుంది. చల్లటి బూట్ ఆగిపోయి వేడి బూట్ ప్రతిసారీ సాఫీగా వెళితే, తప్పు డిస్క్ మేలుకోవడానికి పడుతున్న సమయంలో ఉంది. రెండూ ఆగిపోతుంటే కేబుల్, బాక్సు, డ్రైవర్ వైపు చూడాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడే ఆగిపోతోందంటే దానికీ కారణం ఉంది. కరెంటు రాగానే ఆన్ కావాలని బయోస్‌లో పెట్టుకుంటాం. సొంత అడాప్టర్ ఉన్న డిస్క్, కంప్యూటర్ రెండూ ఒకే క్షణంలో పరుగు మొదలుపెడతాయి. పైగా కరెంటు వచ్చిన తొలి నిమిషాల్లో వోల్టేజ్ కిందా మీదా పడుతుంటుంది. మన ఊళ్లలో లో వోల్టేజ్ సంగతి కొత్తగా చెప్పేదేముంది. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలుపెట్టే ఆ కొద్ది సెకన్లలో 12 వోల్టుల వైపు నుంచి దాదాపు 2 ఆంపియర్లు లాగుతుంది. ఒకసారి వేగం అందుకున్నాక అంత అక్కర్లేదు. అందుకే బలహీనపడిన అడాప్టర్ రోజంతా డిస్క్‌ను నడపగలుగుతుంది, నిద్ర మాత్రం లేపలేకపోతుంది.

నాలుగో అడుగు: కెర్నల్ రాసుకున్న డైరీ చదవండి

సిస్టమ్ లోపలికి వెళ్లగానే ‘సూడో డీమెసేజ్’ నడపండి (డి, ఎం, ఇ, ఎస్, జి అనే ఐదక్షరాలే). ప్రతి వరుసకూ ఎడమవైపు బ్రాకెట్లలో ఒక అంకె ఉంటుంది. కెర్నల్ మొదలై ఎన్ని సెకన్లయిందో అది చెబుతుంది. ‘అటాచ్డ్ ఎస్‌సీఎస్‌ఐ డిస్క్’ అనే మాట ఉన్న వరుస వెతకండి. మీ డిస్క్ ఎప్పుడు చేతికి అందిందో అక్కడ దొరుకుతుంది. నా డైరీలో ఆ అంకె 38. తాత్కాలిక సిస్టమ్ 30 సెకన్లు చూసి ఊరుకుంది, డిస్క్ ఆ తర్వాత కాసేపటికి వచ్చింది.

దానికి పైన ‘స్పిన్నింగ్ అప్ డిస్క్’ అన్న వరుస, పక్కన చుక్కలు, చివర ‘రెడీ’ అని ఉంటే మీ అదృష్టం. కెర్నల్ సెకనుకో చుక్క పెడుతుంది. చుక్కలు లెక్కపెడితే డిస్క్ ఎన్ని సెకన్లకు మేలుకుందో తెలిసిపోతుంది. మంచి స్థితిలో ఉన్న డిస్క్ మామూలుగా పది సెకన్ల అటూ ఇటూగా లేస్తుంది. చుక్కలు ఇరవై, ముప్పై దాటాయంటే ఎందుకని అడగాల్సిందే.

సాటా డిస్క్ అయితే ‘లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్’, ‘కామ్‌రీసెట్ ఫెయిల్డ్’ అనే మాటల కోసం చూడండి. 6 గిగాబిట్ల దగ్గర మొదలైన లింక్ 3కి, అక్కడి నుంచి 1.5కి దిగజారుతుంటే ముందు కేబుల్ మార్చండి. అన్నిటికంటే చవకైన మరమ్మతు అదే.

ఆ తర్వాత డిస్క్ ఆరోగ్యం. స్మార్ట్‌మోన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని, ‘సూడో స్మార్ట్‌సీటీఎల్ -ఏ’ వెనకాల డిస్క్ పేరు ఇచ్చి నడపండి. యూఎస్‌బీ బాక్సులోని డిస్క్ సమాధానం ఇవ్వకపోతే మధ్యలో ‘-డీ శాట్’ చేర్చండి. పట్టిక పెద్దదే కానీ హార్డ్ డిస్క్ విషయంలో నేను కొన్ని వరుసలే చూస్తాను. 10వ నంబర్ స్పిన్ రీట్రై కౌంట్, అంటే తిరగడానికి ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందో ఆ లెక్క. అది సున్నా కాకపోతే కరెంటు సరఫరా గానీ, డిస్క్ మోటార్ గానీ ఇబ్బంది పడుతోంది. 199వ నంబర్ పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది లేదా కనెక్టర్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. 5, 197, 198 నంబర్లలో చివరి గడి సున్నా కాకపోతే డిస్క్ ఉపరితలం దెబ్బతింటోందన్నమాట. అప్పుడు మిగతా పనులన్నీ పక్కన పెట్టి ముందు బ్యాకప్ తీయండి. అది పూర్తయ్యాకే ఐదో అడుగు.

చిన్న 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్కుల గురించి ఒక మాట. అవి మొత్తం శక్తిని యూఎస్‌బీ పోర్టు నుంచే తీసుకుంటాయి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900. డిస్క్ లేచేటప్పుడు మొదటిది చాలకపోవచ్చు. నీలం రంగు పోర్టుకు మార్చడం, సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టడం, పొడవాటి కేబుల్ తీసేసి పొట్టిది వేయడం. చాలా ఇళ్లలో సమస్య ఇక్కడితోనే తీరిపోతుంది.

ఐదో అడుగు: ఎదురుచూసే సమయం పెంచడం

కారణం తెలిసింది, డిస్క్ బాగానే ఉంది, కాస్త నెమ్మది అంతే. ఇప్పుడు సిస్టమ్‌కు ఓపిక నేర్పవచ్చు.

ముందు ఒక్క బూట్‌కు మాత్రమే మార్చి చూడండి. కంప్యూటర్ ఆన్ కాగానే ఎస్కేప్ కీ నొక్కితే (పాత బయోస్‌లలో షిఫ్ట్) గ్రబ్ మెనూ వస్తుంది. ఉబుంటు వరుస మీద ఉండి ‘ఈ’ నొక్కండి. ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే వరుస చివరికి వెళ్లి, ఒక ఖాళీ వదిలి ‘రూట్‌డిలే=90’ చేర్చండి. రూట్, డిలే రెండూ కలిపి రాయాలి. ఎఫ్10 నొక్కితే బూట్ మొదలవుతుంది.

అంకె 90 ఎందుకంటారా? ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ వాడే డెబియన్, ఉబుంటులలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ మామూలుగానే 30 సెకన్లు చూస్తుంది. అంతకంటే తక్కువ అంకె ఇస్తే ఒరిగేదేమీ లేదు. ‘రూట్‌డిలే=10 పెట్టాను, ఏమీ మారలేదు’ అని చాలామంది విసుక్కునేది ఇందుకే. ఎక్కువ ఇచ్చినందువల్ల నష్టమూ లేదు. ఇక్కడ ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, డిస్క్ ఐదో సెకనులో వస్తే ఐదో సెకనులోనే బూట్ ముందుకు సాగుతుంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లేకుండా కెర్నల్ నేరుగా రూట్‌ను తగిలించుకునే సిస్టమ్‌లలో మాత్రం ఇదే మాటకు అర్థం వేరు. అక్కడ 90 అంటే డిస్క్ వచ్చినా రాకపోయినా కచ్చితంగా 90 సెకన్లు కూర్చుంటుంది. అలాంటి చోట ‘రూట్‌వెయిట్’ మేలు. డిస్క్ వచ్చేదాకా ఆగుతుంది, రాగానే కదులుతుంది. డిస్క్ ఎప్పటికీ రాకపోతే అది కూడా ఎప్పటికీ ఆగుతుందని గుర్తుంచుకోండి.

పని చేసిందా? అయితే శాశ్వతంగా పెట్టండి. ‘సూడో నానో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్’ తెరిచి, పెద్ద అక్షరాల్లో ‘గ్రబ్_సీఎండీలైన్_లినక్స్_డిఫాల్ట్’ అని ఉన్న వరుసలో, కొటేషన్ గుర్తుల లోపల ‘రూట్‌డిలే=90’ చేర్చండి. అక్కడే ఉన్న ‘క్వయట్ స్ప్లాష్’ తీసేస్తే బూట్ సందేశాలు కళ్లముందు కనిపిస్తాయి. కొన్నాళ్లు అలాగే ఉంచమంటాను. సేవ్ చేసి ‘సూడో అప్‌డేట్-గ్రబ్’ నడపండి. చాలామంది మర్చిపోయేది ఈ చివరి కమాండే.

ఫెడోరాలో తాత్కాలిక సిస్టమ్‌ను డ్రాకట్ తయారుచేస్తుంది. అది మామూలుగానే 180 సెకన్లు ప్రయత్నిస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది అరుదు. అవసరమైతే ‘ఆర్‌డీ.రీట్రై=’ విలువ పెంచాలి, దాన్ని గ్రబ్బీ అనే కమాండ్‌తో చేర్చవచ్చు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో రూట్‌వెయిట్ ముందే రాసి ఉంటుంది. అక్కడి కమాండ్‌లైన్ ఫైల్‌లో అంతా ఒకే వరుసలో ఉండాలి, పొరపాటున ఎంటర్ నొక్కితే బూట్ చెడుతుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో యూఎస్‌బీ డిస్క్ కోసం బూట్‌లోడరే 20 సెకన్లు వెతుకుతుంది. చాలకపోతే ‘ఆర్‌పీఐ-ఈఈప్రామ్-కాన్ఫిగ్’తో దాన్ని పెంచుకోవచ్చు. ఫ్రీబీఎస్‌డీ వాడేవాళ్లు బూట్ ఫోల్డర్‌లోని లోడర్.కాన్ఫ్‌లో ‘కెర్న్.క్యామ్.బూట్_డిలే’కు 10000 ఇస్తే పది సెకన్ల గడువు వస్తుంది, అక్కడ లెక్క మిల్లీసెకన్లలో.

నేను చేసిన పొరపాటు ఈ అడుగు దగ్గరే. నాలుగో అడుగు వదిలేసి నేరుగా 60 పెట్టుకున్నాను. నెలా పదిహేను రోజులు హాయిగా నడిచింది. తర్వాత 60 కూడా చాలలేదు. అప్పుడు చుక్కలు లెక్కపెడితే ప్రతి వారం పెరుగుతున్నాయి. బాక్సుతో వచ్చిన 12 వోల్టుల అడాప్టర్ చచ్చుబడిపోతోంది. కొత్త అడాప్టర్ పెట్టిన రోజు డీమెసేజ్‌లో అంకె 11కి పడిపోయింది. ఆ నెలన్నర పాటు నా ఫొటోలున్న డిస్క్ చాలీచాలని కరెంటుతో రోజూ కొట్టుమిట్టాడింది. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

యూఎస్‌బీ బాక్సుల తిక్క

డిస్క్ మంచిదే, అడాప్టర్ మంచిదే, అయినా ఆలస్యం. డీమెసేజ్‌లో ‘యూఏఎస్_ఈహెచ్_అబార్ట్’ అనీ, ‘రీసెట్ సూపర్‌స్పీడ్’ అనీ మళ్లీ మళ్లీ వస్తుంటే బాక్సులోని చిప్, వేగంగా పనిచేసే యూఏఎస్ పద్ధతితో పొసగడం లేదని అర్థం. ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ కొట్టి ఆ బాక్సు ఐడీ చూడండి. నాలుగు, నాలుగు అక్షరాలుగా మధ్యలో కోలన్‌తో ఉంటుంది. గ్రబ్ వరుసలో ‘యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్=’ రాసి, వెంటనే ఆ ఐడీ, మరో కోలన్, చివర ‘యూ’ అనే అక్షరం పెట్టండి. ఆ ఒక్క బాక్సుకు యూఏఎస్ ఆగిపోయి పాత పద్ధతిలో నడుస్తుంది. వేగం కొంత తగ్గుతుంది. నమ్మకంగా బూట్ అవడం కోసం నేనైతే దానికి ఒప్పుకుంటాను.

ఒకటిన్నర నిమిషం తినేసే అదనపు డిస్కులు

ఇది మూడో దశ. సినిమాలకో బ్యాకప్‌కో పెట్టుకున్న రెండో డిస్క్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో తగిలించాల్సిన డిస్కుల జాబితా ఉండే ఫైల్) రాసి ఉంటుంది. అది రాకపోతే సిస్టమ్‌డీ 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి నెడుతుంది. ‘సూడో నానో /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్’ తెరవండి. ఆ డిస్క్‌ను ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లతో రాసి ఉంటే ముందు యూయూఐడీకి మార్చండి. ఆ పేర్లు ఏ డిస్క్ ముందు మేలుకుంటే దానికి వెళతాయి, ఈరోజు ఎస్‌డీఏ రేపు ఎస్‌డీబీ కావచ్చు. నాలుగో గడిలో ‘నోఫెయిల్,ఎక్స్-సిస్టమ్‌డీ.డివైస్-టైమౌట్=20ఎస్’ చేర్చండి. చివరి ఎస్ అంటే సెకన్లు. ‘సూడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై’ నడిపితే రాసిన దానిలో తప్పులుంటే చెబుతుంది.

నోఫెయిల్ వల్ల ఒక మెలిక ఉంది. ఇది పెట్టాక ఆ డిస్క్ కోసం మిగతా సర్వీసులు ఆగవు. డేటాబేస్ గానీ, టొరెంట్ ప్రోగ్రామ్ గానీ డిస్క్ రాకముందే లేచి, ఖాళీ ఫోల్డర్‌లో రాయడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత డిస్క్ వచ్చి అదే ఫోల్డర్ మీద కూర్చుంటుంది, రాసిందంతా కింద దాగిపోతుంది. ఫైళ్లు మాయమయ్యాయని టెన్షన్ మొదలవుతుంది. అలాంటి సర్వీసు ఉంటే ‘సూడో సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’ వెనకాల దాని పేరిచ్చి, యూనిట్ భాగంలో ‘రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్=’ ఎదురుగా ఫోల్డర్ దారి రాయండి. ఇక్కడ మాత్రం రిక్వైర్స్, మౌంట్స్, ఫర్ మూడింటి మొదటి అక్షరాలూ పెద్దవి. ఇక ఆ ఒక్క సర్వీసు డిస్క్ వచ్చేదాకా ఆగుతుంది, మిగతావి తమ దారిన పోతాయి.

స్వాప్ విభజన (మెమరీ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) తీసేసిన వాళ్లకు ఇంకో చోట ఆలస్యం తగులుతుంది: ‘గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్’. హైబర్నేట్ వాడకపోతే, ఈటీసీలోని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్, అందులో కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో రెజ్యూమ్ అనే ఫైల్ తెరిచి ‘రెజ్యూమ్=నన్’ అని రాయండి. రెజ్యూమ్ పెద్ద అక్షరాల్లో, నన్ చిన్న అక్షరాల్లో. తర్వాత ‘సూడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ’.

చివరగా పరీక్ష

వేడి బూట్ చూసి సరిపోయిందనుకోకండి. రాత్రి అన్నీ ఆపేసి, అడాప్టర్లు తీసేసి, పొద్దున్నే ఆన్ చేయండి. ఇలా మూడు రోజులు చేసి, రోజూ డీమెసేజ్‌లో డిస్క్ అందిన సెకను రాసి పెట్టుకోండి. ‘సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్’ నడిపితే ఏ పని ఎంతసేపు తీసుకుందో కూడా తెలుస్తుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటే పని అయినట్టే. నా కంప్యూటర్ క్యాబినెట్ లోపలి వైపు ఒక చిన్న కాగితం అంటించి ఉంది. అందులో రూట్‌డిలే ఎంత పెట్టానో, అడాప్టర్ ఏ రోజు మార్చానో, ఆ రోజు వచ్చిన అంకె 11 అనీ రాసి ఉన్నాయి. నెలకోసారి డీమెసేజ్ చూసి ఆ రోజు అంకెను దాని కింద రాస్తాను.